మబ్బు పండే కొండ

తిన్నగా పైకి పోయే బాట ఉండగా చుట్టు తిరిగి పోవడం ఎందుకని మా మేనల్లుడు అడిగాడు. వాడికి గ్లాస్గోలో ఉద్యోగం. బెన్ నెవిస్ కొండను అప్పటికే రెండుసార్లు ఎక్కాడు, రెండుసార్లూ అందరూ పోయే బాటనే.

"పైన ఏం చూశావురా?" అన్నాను.

"తెల్లగా ఉంది మామయ్యా. ఎటు చూసినా తెలుపే. ఫొటో తీసుకుని దిగొచ్చేశా" అన్నాడు, ఎవరో తనను మోసం చేసినట్టు.

మోసమేమీ లేదు. ఆ కొండ పండించేదే ఆ తెలుపు. స్కాట్లండ్ హైలాండ్స్‌లో నేల నిస్సారం. జింకలు, గొర్రెలు, ఊదారంగు పూల హెదర్ పొదలు, చిత్తడి గడ్డి, అంతకుమించి పెద్దగా ఏమీ పెరగదు. మబ్బు మాత్రం ఏడాది పొడుగునా పండుతుంది. ఆ పంటకు ఒక కుర్రవాడు రెండు వారాలు కాపలా ఉన్నందువల్ల, పరమాణువులోంచి వెలువడే కణాల అడుగుజాడలు మనిషి కంట పడ్డాయి. ఆ సంగతి శిఖరం మీద చెప్పుకుందాం. ముందు కొండ ఎక్కాలి.

బ్రిటన్ మొత్తంలో ఎత్తయిన కొండ ఇది. ఎత్తు 1,345 మీటర్లు. మన లెక్కలో ఇదేమంత గొప్ప కాదు. పాడేరు ఏజెన్సీలోని అరమ కొండ 1,680 మీటర్లు ఉంటుంది. హార్స్‌లీ హిల్స్ మీద కూర్చుని కాఫీ తాగేవాడు ఈ శిఖరానికి వంద మీటర్ల కిందికి మించి ఉండడు. తేడా అంతా అక్షాంశంలో ఉంది. భూమధ్యరేఖ నుంచి దాదాపు 57 డిగ్రీలు ఉత్తరాన, సముద్రపు పాయ ఒడ్డునే లేచిన కొండ ఇది. పైన ఏడాది సగటు ఉష్ణోగ్రత సున్నాకు కాస్త దిగువనే. 2016 వరకు పటాల్లో దీని ఎత్తు 1,344 అని రాసేవారు. ఆ ఏడు ఉపగ్రహాల సాయంతో కొత్తగా కొలిస్తే 1,344.527 వచ్చింది. అర దాటింది కాబట్టి పై అంకె వేశారు. కొండ పెరగలేదు, దశాంశం పెరిగింది.

ఇక చుట్టు సంగతి. సింహాచలం గిరి ప్రదక్షిణలో కొండను కుడిచేతి వైపు ఉంచుకుని నడుస్తాం. ఇక్కడ తిరిగేది కొండ చుట్టూ కాదు, లోయ చుట్టూ. గుర్రపు నాడా ఆకారంలో ఒక గట్టు ఉంది. దాని నడుమ ఆల్ట్ అ వూలిన్ అనే ఏరు పారుతుంది. గేలిక్ భాషలో దానికి మరవాగు అని అర్థం, మనం మరవాగు అనే అనుకుందాం. ఉత్తరాన టార్లండీ దగ్గర బయలుదేరి, నాడా తూర్పు కొమ్మ ఎక్కి కార్న్ మోర్ జెరగ్ శిఖరం చేరాలి. ఆ పేరుకు పెద్ద ఎర్రకొండ అని అర్థం, ఎత్తు 1,220 మీటర్లు. అక్కడి నుంచి నాడా వంపు మీదుగా బెన్ నెవిస్ ఎక్కి పడమటి వైపు దిగాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లోయ కుడిచేతి వైపే ఉంటుంది. ఎవరూ అనుకుని పెట్టలేదు కానీ, ఇదీ ప్రదక్షిణమే.

చుట్టంతా కలిపి సుమారు 17 కిలోమీటర్లు, ఎక్కాల్సింది మొత్తం 1,500 మీటర్లు. ఎంతసేపు పడుతుంది? దీనికి ఒక స్కాట్లండ్ సూత్రమే ఉంది. విలియం నెయిస్మిత్ అనే కొండలెక్కే ఆయన 1892లో రాసిపెట్టాడు. మూడు మైళ్ళకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు మరో గంట. మీటర్లలోకి మార్చి వేస్తే మన నడకకు ఆరు గంటలు వస్తుంది. మాకు పదకొండు పట్టింది. చేతులు ఆనించి పాకాల్సిన రాళ్ళు నెయిస్మిత్ లెక్కలో లేవు, యాభై దాటిన మోకాళ్ళూ లేవు. జూన్‌లో అక్కడ రాత్రి పది దాటాకే సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి బతికిపోయాం.

శ్రమకూ ఒక లెక్క ఉంది. 70 కిలోల మనిషిని 1,500 మీటర్లు పైకెత్తడానికి కావలసిన శక్తి సుమారు 250 కిలో కాలరీలు. అంటే నాలుగైదు ఇడ్లీలు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ మన కండరం తిన్నదాంట్లో సుమారు నాలుగో వంతునే పనిగా మార్చగలదు, మిగతా మూడు వంతులూ వేడిగా వదిలేస్తుంది. కాబట్టి ఎక్కడానికే వెయ్యి కిలో కాలరీలు కావాలి, నడక ఖర్చు వేరే. ఆ మూడు వంతుల వేడి వల్లే ఎక్కుతున్నంతసేపూ చెమటలు పోస్తాయి. ఆగిన రెండు నిమిషాలకు ఆ చెమటే శత్రువవుతుంది. తడిసిన నూలు చొక్కా మీద గాలి తగిలితే ఒంటి వేడిని తోడేస్తుంది. మావాడు కాటన్ టీషర్టు వేసుకొచ్చాడు. మొదటి గంటలోనే నా సంచిలోని ఉన్ని బనీను అడిగి పుచ్చుకున్నాడు.

తూర్పు కొమ్మ మొదట్లో నేల స్పాంజిలా దిగబడుతుంది. నీరు నిలిచి ఊపిరాడని చోట చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్ళకుండా పేరుకుపోయి ఈ నల్ల మెత్త ఏర్పడింది. దీన్నే పీట్ అంటారు. మిడ్జ్ అనే నుసిదోమలకు ఇది పుట్టిల్లు. ఈ భాగం గురించి ఇంతకంటే చెప్పబుద్ధి కావడం లేదు.

ఎర్రకొండ మీదికి చేరాక మేనల్లుడు మాట్లాడలేదు. ఎదురుగా లోయకు ఆవలి గట్టున బెన్ నెవిస్ ఉత్తరపు ముఖం. వందల మీటర్ల నిట్టనిలువు నల్లని బండలు, వాటి పగుళ్ళలో జూన్ నెలలోనూ కరగని మంచు. మామూలు బాటన పోయేవాళ్ళకు ఈ ముఖం సరిగా కనబడదు. వాళ్ళు కొండ వీపున ఎక్కి వీపునే దిగుతారు. ఏటా లక్ష మందికి పైగా ఎక్కే కొండకు ఇంత ముఖం ఉందని వాళ్ళలో చాలామందికి తెలియదు.

ఇప్పుడు కాళ్ళ కింద చూడండి. గులాబీ రంగు గ్రానైట్. ఫెల్డ్‌స్పార్ స్ఫటికాల వల్ల ఆ రంగు, ఆ రంగు వల్ల ఎర్రకొండ అన్న పేరు. ఎదుటి గోడ మాత్రం నలుపు, బూడిద రంగు. అది అగ్నిపర్వతం కక్కిన రాయి. ఇక్కడే చిక్కు వస్తుంది. గ్రానైట్ నేల లోపల చాలా లోతులో నిదానంగా చల్లారి గట్టిపడుతుంది. లావా నేలపైన పారుతుంది. ఒకటి పాతాళానిది, ఒకటి పైలోకానిది. రెండూ ఒకే ఎత్తులో ఎదురుబొదురుగా ఎలా నిలబడ్డాయి?

జవాబు పక్కనే ఉన్న గ్లెన్‌కో లోయలో దొరికింది. క్లఫ్, మాఫ్, బెయిలీ అనే ముగ్గురు భూవిజ్ఞానులు 1909లో దాన్ని వివరించారు. అగ్నిపర్వతం కింద శిలాద్రవపు కొలను ఉంటుంది. దాని పైకప్పు గుండ్రంగా పగిలి, బావి గట్టు విరిగి బావిలోకి జారినట్టు, పైనున్న లావా పొరలతో సహా కిందికి కుంగుతుంది. చుట్టూ ఉన్న ద్రవం ఆ సందులోంచి పైకి ఎగదన్ని గ్రానైట్‌గా గట్టిపడుతుంది. 40 కోట్ల ఏళ్ళకు పైగా వానా మంచూ పై పొరలను అరగదీశాక, కుంగిన ముక్కే శిఖరమై మిగిలింది. బ్రిటన్‌లో అన్నిటికంటే ఎత్తున ఉన్న రాయి ఒకప్పుడు కూలి పడిన రాయి అన్నమాట. ఈ మధ్య ఉత్తర ముఖాన్ని తాళ్ళతో దిగి సర్వే చేసినవాళ్ళు ఈ కథను కొంత ప్రశ్నించారు. ఆ ముక్క కుంగలేదు, కొలను పైకప్పు నుంచి వేలాడుతూ మిగిలిందని వాళ్ళ వాదన. నాకు పాత కథ మీదే మోజు, అయితే రాళ్ళు నా మోజును లెక్కచేయవు. వయసు విషయంలో మాత్రం మనం కాస్త దర్పం చూపించవచ్చు. హైదరాబాద్ బండలు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. వాటి ముందు ఈ గ్రానైట్ చంటిపిల్ల.

ఈ ఎర్రకొండ మీదే 1895 జూన్‌లో సి.టి.ఆర్. విల్సన్ అనే యువకుడు నిలబడి ఉన్నాడు. ఉరుములు దగ్గరపడుతున్నాయి. ఉన్నట్టుండి తల వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మేఘంలోని విద్యుదావేశం నేలలో ఎదురు ఆవేశాన్ని లాగుతుంది. ఎత్తున నిలబడ్డ మనిషి తల ఆ లాగుడుకు కొసమెరుపు. వెంట్రుకలన్నీ ఒకే ఆవేశంతో ఒకదాన్నొకటి తోసుకుని లేస్తాయి. పిడుగు పడబోయే ముందు ఇంతకంటే స్పష్టమైన కబురు రాదు. అతను పరుగున కిందికి దిగిపోయాడు. మీ పొలంలోనైనా, చెరువుగట్టు మీదైనా ఇలా జరిగితే చేయవలసింది అదే, క్షణం ఆగకుండా పల్లానికి పోవాలి. విల్సన్ ఆ భయాన్ని ఊరికే పోనివ్వలేదు. మేఘాల విద్యుత్తు మీద జీవితాంతం పనిచేశాడు. ఆ విషయంపై ఆయన రాసిన చివరి పత్రం 1956లో అచ్చయింది, అప్పటికి ఆయనకు 87 ఏళ్ళు.

ఎర్రకొండ నుంచి బెన్ నెవిస్‌కు పోయే దారి ఒక కత్తివాదర. రాళ్ళ గుట్టలా పడి ఉన్న సన్నని గట్టు, లోయ చుట్టూ వంపు తిరిగి ఉంటుంది. ఆ గట్టు మీద 160 మీటర్లు దిగి, మళ్ళీ 290 మీటర్లు ఎక్కాలి. అటూ ఇటూ హిమానీనదాలు తొలిచిన గిన్నెలు. మంచుయుగంలో ఒక్కో గిన్నెలో పేరుకున్న మంచు తన బరువుకే కదులుతూ వెనకగోడను పెకలించింది. రాతి పగుళ్ళలోని నీరు గడ్డకట్టేటప్పుడు తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది, ఆ తోపుడుకు రాయి చిట్లుతుంది. రెండు వైపుల నుంచీ కొరుక్కుంటూ వచ్చిన జొన్నరొట్టెలో నడుమ మిగిలిన పేలిక ఈ గట్టు. సుమారు 11,500 ఏళ్ళ కిందట మంచు కరిగింది కాబట్టి సరిపోయింది. ఇంకొంతకాలం ఉంటే రెండు నోళ్ళూ కలిసేవి, మాకు దారి ఉండేది కాదు.

గట్టు సగంలో ఉండగా మబ్బు దిగింది. "చూశావా మామయ్యా, మళ్ళీ తెలుపే" అన్నాడు మావాడు.

శిఖరం బల్లపరుపుగా, రాళ్ళకుప్పలా ఉంటుంది. మబ్బులోంచి కూలిన గోడలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. 1883 నుంచి 1904 వరకు ఇక్కడ మనుషులు కాపురం ఉండి, గంట గంటకూ, రాత్రనక పగలనక, వాతావరణాన్ని కొలిచిన వేధశాల అది. దాని ఆలోచన వెనుక థామస్ స్టీవెన్‌సన్ ఉన్నాడు. లైట్‌హౌసుల ఇంజినీరు, 'ట్రెజర్ ఐలండ్' రచయితకు తండ్రి. మన వాతావరణ కేంద్రాల ఆవరణలో ఉష్ణమాపకాలు ఉంచే తెల్లని జాలీ పెట్టె చూసి ఉంటారు. దాన్ని స్టీవెన్‌సన్ పెట్టె అనేది ఈయన పేరు మీదే.

వేధశాల కట్టకముందు క్లెమెంట్ రాగ్ అనే మొండిమనిషి 1881, 1882 వేసవుల్లో రోజూ కొండ ఎక్కి కొలతలు తీశాడు. అదే సమయానికి కింద ఊళ్ళో ఆయన భార్య కొలతలు రాసుకునేది. రెండూ పోల్చితేనే కదా ఎత్తు చేసే మార్పు తెలిసేది! ఆవిడ పాలు చరిత్రలో ఒక వాక్యానికి కుదించుకుపోయింది, ఇక్కడ నేనూ అదే చేస్తున్నాను. ఆయనను జనం 'ఇన్‌క్లెమెంట్ రాగ్' అని వెక్కిరించారు. ఆ మాటకు ముసురు పట్టిన వాతావరణం అని అర్థం. తర్వాత ఆస్ట్రేలియా వెళ్ళి క్వీన్స్‌లాండ్ ప్రభుత్వ వాతావరణ అధికారి అయ్యాడు. అక్కడ తుపానులకు పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు, తనకు గిట్టని రాజకీయ నాయకుల పేర్లతో సహా. విశాఖను 2014లో కొట్టిన గాలివానను మనం హుద్‌హుద్ అని పేరు పెట్టి పిలుస్తున్నామంటే, ఆ అలవాటుకు ఆదిపురుషుల్లో ఈయన ఒకడు.

వేధశాల లెక్కలు చూస్తే మా మేనల్లుడి ఫొటోల మీద కోపం పోతుంది. నవంబరు నుంచి జనవరి దాకా శిఖరం నూటికి 80 పాళ్ళ కాలం మబ్బులోనే ఉంటుంది. కాస్త తెరిపి ఉండే మే, జూన్ నెలల్లోనూ 55 పాళ్ళు. ఏడాదికి సగటున 261 పెనుగాలులు. వాన 4,350 మిల్లీమీటర్లు. కిందనే ఉన్న ఫోర్ట్ విలియంలో 2,050. హైదరాబాద్‌లో 800 దరిదాపు. డబ్బు చాలక 1904లో వేధశాల మూసేశారు. పుస్తకాల్లో చేతిరాతతో మిగిలిన ఆ అంకెలను 2017లో రెడింగ్ విశ్వవిద్యాలయం పిలుపు మీద వేలమంది మామూలు జనం ఇళ్ళలో కూర్చుని కంప్యూటర్లలోకి ఎక్కించారు.

ఇంత మబ్బు ఎందుకు? అట్లాంటిక్ మీది తడిగాలికి దారిలో తగిలే పెద్ద అడ్డు ఈ కొండ. గాలి కొండనెక్కుతుంది. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, శిఖరం దగ్గర సముద్ర మట్టంలో కంటే సుమారు ఏడో వంతు తక్కువ. ఒత్తిడి తగ్గిన గాలి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించడానికి సొంత వేడినే ఖర్చుపెట్టి చల్లబడుతుంది. చల్లగాలి అంత ఆవిరిని మోయలేదు, చుక్కలుగా దించేస్తుంది. చుక్క కట్టడానికి ఆధారంగా ఒక ధూళికణం ఉండాలని స్కాట్లండ్ శాస్త్రవేత్త జాన్ ఎయిట్‌కెన్ అప్పటికే చూపించాడు. ధూళిని లెక్కపెట్టే ఆయన పరికరం ఈ వేధశాలలోనూ వాడారు.

1894 సెప్టెంబరులో సెలవు మీద వెళ్ళిన సిబ్బంది స్థానంలో రెండు వారాల కోసం ఒక పాతికేళ్ళ కేంబ్రిడ్జి యువకుడు వచ్చాడు. ఎర్రకొండ మీద మరుసటేడు వెంట్రుకలు లేచిన విల్సనే. తెల్లవారుజామున శిఖరం అంచున నిలబడితే, వెనక సూర్యుడు, ఎదుట లోయనిండా మబ్బు. మబ్బు మీద తన నీడ, నీడ తల చుట్టూ రంగుల వలయం. పక్కన ఇంకొకరు నిలబడినా, ఎవరి తల చుట్టూ ఉన్న వలయం వాళ్ళకే కనబడుతుంది. సూక్ష్మమైన నీటిచుక్కలు వెలుగును వెనక్కి తిప్పి పంపేటప్పుడు తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి ఈ వలయాలు కడతాయి. చుక్క ఎంత చిన్నదైతే వలయం అంత పెద్దది. దేవుళ్ళ పటాల్లో తల వెనక వేసే వెలుగుచక్రం చూసినట్టే ఉంటుంది, ఇక్కడ అర్హత ఏమీ అవసరం లేదు.

ఆ అందాన్ని ప్రయోగశాలలో తయారు చేయాలనుకున్నాడు విల్సన్. కొండ చేసే పనే ఒక గాజుపాత్రలో పిస్టన్‌తో చేయించాడు. తడిగాలిని ఒక్కసారిగా వ్యాకోచింపజేస్తే మబ్బు కట్టింది. ధూళి పూర్తిగా తీసేసినా, గాలిని 1.25 రెట్లు మించి వ్యాకోచింపజేస్తే కొన్ని చుక్కలు కట్టడం మానలేదు. ధూళి లేకుండా చుక్క దేన్ని పట్టుకుంది? విద్యుదావేశం ఉన్న అయాన్లను. అంటే అయాన్లు వదులుతూ పోయే కణం ఏదైనా ఆ పాత్రలో తన దారి పొడుగునా మబ్బుగీత గీయాలి. 1911లో విల్సన్ ఆ గీతలను ఫొటో తీశాడు. అదే ఏడాది బెన్ నెవిస్ మీదికి ఫోర్డ్ మోడల్ టి కారును ఎక్కించారు, అప్పట్లో పేపర్లకు కారే పెద్ద వార్త. మేఘపేటిక అనే ఆ పాత్రకు గాను విల్సన్‌కు 1927లో నోబెల్ బహుమతి వచ్చింది. 1932లో కార్ల్ ఆండర్సన్ పాజిట్రాన్‌ను, అంటే ప్రతిపదార్థపు తొలి కణాన్ని, అలాంటి పేటికలోని గీతలోనే చూశాడు.

ఇదంతా కూలిన గోడ చాటున కూర్చుని పులిహోర తింటూ మావాడికి చెప్పాను. "అయితే మనకా వలయం కనబడుతుందా?" అన్నాడు. కనబడలేదు. సూర్యుడు వెనక, మబ్బు ఎదుట, మనం మబ్బుకు పైన ఉండాలి. మేము మబ్బు కడుపులో ఉన్నాం.

దిగడం ఎక్కడంకంటే ప్రమాదం. మబ్బులో బల్లపరుపు నేల మీద దిక్కు తెలియదు, పక్కనే పాతాళాలు. ఒక చీలికను గార్డీలూ గల్లీ అంటారు. పాత ఎడిన్‌బరోలో మేడమీది నుంచి మురికినీళ్ళు పారబోసేముందు 'గార్డీలూ' అని అరిచేవారట. వేధశాలవాళ్ళు చెత్త అందులోనే పారబోసేవారు. దాన్ని తప్పించుకోవాలంటే శిఖరం మీది సర్వే స్తంభం నుంచి 231 డిగ్రీల దిక్కున 150 మీటర్లు, అక్కడి నుంచి 282 డిగ్రీల దిక్కున నడవాలి. ఇవి పటం ఉత్తరాన్ని బట్టి లెక్కించిన దిక్కులు. దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం. ఇదివరకు ఈ రెంటి తేడా చాలా డిగ్రీలు ఉండేది, కూడికలో పొరపడ్డవాడు అగాధంలో తేలేవాడు. భూమి గర్భంలో కరిగిన ఇనుము కదులుతూ ఉంటుంది కాబట్టి అయస్కాంత ఉత్తరం కూడా జరుగుతుంది. 2022 నవంబరులో నిజ ఉత్తరం, పటం ఉత్తరం, అయస్కాంత ఉత్తరం మూడూ ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఒకే గీత మీదికి వచ్చాయి, ఆ కలయిక క్రమంగా ఉత్తరానికి నడిచింది. మా నడక రోజున దిద్దుబాటు దాదాపు అక్కర్లేకపోయింది. నేను అంకెలు చదివాను, మావాడు అడుగులు లెక్కపెట్టాడు.

వంకర్ల బాట దిగి, సగం ఎత్తులో ఉన్న చెరువు దగ్గర జనాన్ని వదిలి కుడికి తిరిగాం. మరవాగు దాటి టార్లండీ చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర, ఇంకా వెలుగుంది. వెనక్కి చూస్తే కొండ సగం వరకే ఉంది, మిగతాది మబ్బు.

మూడు నెలల తర్వాత మేనల్లుడు హైదరాబాద్ వస్తూ విమానంలోంచి ఒక ఫొటో పంపాడు. కింద తెల్లని మబ్బు, దాని మీద చిన్న విమానం నీడ, చుట్టూ ఎరుపు అంచుతో రంగుల వలయం. "దొరికింది మామయ్యా" అని రాశాడు. ఈసారి మీరు విమానం ఎక్కేటప్పుడు సూర్యుడు ఏ పక్కన ఉంటాడో చూసుకుని, రెండో పక్క కిటికీ సీటు అడగండి.